పడుకుంటే గుండెదడ వచ్చే మనిషికి విశ్రాంతి నేర్పడం: ఒక కేస్ స్టడీ

నెమ్మదిగా చేసే యోగా ఎవరికైనా మంచిదే, దానివల్ల పోయేదేముంది అనే నమ్మకం మన యోగా టీచర్లలో గట్టిగా ఉంది. బోల్‌స్టర్ (పొడవాటి గట్టి దిండు) మీద పడుకోబెట్టి, లైటు తీసేసి, కళ్లు మూసుకోమంటే శరీరం తనంతట తానే సర్దుకుంటుందని అనుకుంటాం. చాలామందికి సర్దుకుంటుంది కూడా. కొద్దిమందికి మాత్రం ఆ కదలకపోవడమే భయం పుట్టిస్తుంది. అలాంటి ఒక సాధకురాలితో ఆశ్వయుజం నుంచి మాఘం దాకా చేసిన పనిని ఇక్కడ రాస్తున్నాను. ఆమె చదివి ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమెకు నలభై అయిదు దాటాయి. హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసులున్న పడమటి వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. అమెరికా క్లయింట్లతో పనిచేసే టీమ్‌కి మేనేజరు. వారంలో మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి పని. ఇంట్లో భర్త, ఇంటర్ చదివే అబ్బాయి, అత్తగారు. చాలా ఏళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు.

యోగా ఆమెకు కొత్త కాదు. తెల్లవారుజామున అయిదింటికి ఆన్‌లైన్ బ్యాచ్, రోజుకు ఇరవై నాలుగు సూర్య నమస్కారాలు, రథసప్తమికి నూటెనిమిది. సాయంత్రం కాల్స్‌కి ముందు మగత రాకుండా కపాలభాతి, భస్త్రిక అనే వేగంగా ఊపిరాడించే ప్రాణాయామాలు. శరీరం బాగా వంగుతుంది, ఆసనాల్లో తప్పులు పెద్దగా లేవు. ఈ నైపుణ్యమే తర్వాత మాకు అడ్డొచ్చింది.

వచ్చిన సమస్య

"మేడమ్, ఎనర్జీ పెరిగేవి ఏమైనా చెప్పండి. చలి మొదలయ్యేసరికి నేను పనికిరాకుండా పోతున్నాను" అన్నారు మొదటి రోజు. ఏటా వినాయక చవితి దాటాక ఒంట్లో బరువు మొదలవుతుందట. చీకటి పడే వేళకు కారణం లేకుండా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. తీపి మీదకి మనసు పోతుంది. అబ్బాయి ఏమడిగినా విసుగు. రాత్రి ఒంటిగంటకు నిద్రపట్టి, మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. ఆ తర్వాత అలారం దాకా దొర్లడమే. సంక్రాంతి వెళ్లాక తగ్గిపోయేది కాబట్టి ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఈసారి వానలు తగ్గకముందే మొదలైంది.

నీరసం వచ్చినప్పుడల్లా ఆమె చేసింది ఒక్కటే: వ్యాయామం పెంచడం. కిందటేడు సూర్య నమస్కారాలకు తోడు ఫోన్‌లో యాప్ పెట్టుకుని గెంతులు, పరుగులు కలిపారు. చేసిన గంటసేపు బాగుండేది, మధ్యాహ్నానికి కూలబడిపోయేవారు.

ఆసనాల కంటే ముందు

మొదటి నిర్ణయం, పరీక్షలు చేయించుకు వచ్చేదాకా ఏ సాధనా మార్చకూడదని. నీరసం, నిద్ర చెదరడం, దిగులు, కీళ్ల నొప్పులు, ఈ నాలుగూ కలిసి వస్తే అది థైరాయిడ్ కావచ్చు, రక్తహీనత కావచ్చు, బి12 లేదా డి విటమిన్ లోపం కావచ్చు, నెలసరి ఆగిపోయే దశ కావచ్చు, డిప్రెషన్ కావచ్చు. ఇవన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. వీటిలో ఏదీ దిండు మీద పడుకుంటే నయమయ్యేది కాదు. యోగా నేర్పేవాళ్లం రోగనిర్ధారణ చేయలేం, చేయకూడదు. అడగాల్సింది అడిగి డాక్టరు దగ్గరికి పంపడం మాత్రం మన పనే.

థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ వచ్చింది. ఏడాదికి పైగా పరీక్షే చేయించలేదు. డాక్టరు మాత్ర మోతాదు మార్చి, ఆరు వారాల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. డి విటమిన్ తక్కువగా ఉంది, దానికీ మందు రాశారు. నెలసరి తప్పుతోందని, రాత్రుళ్లు ఒళ్లు వేడెక్కి చెమట పడుతోందని ఆమె అప్పుడే మొదటిసారి ఎవరితోనైనా చెప్పారు. గైనకాలజిస్టును కలవమన్నాను.

దిగులు సంగతికి మానసిక వైద్యుల దగ్గరికి పంపాను. చలిదేశాల్లో పగలు కుంచించుకుపోయే నెలల్లో వచ్చే డిప్రెషన్‌ని నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు 1984లో వర్ణించారు. దాని లక్షణాలు కొన్ని ఈమెలో ఉన్నా, ఆ పేరు పెట్టే అధికారం నాది కాదు. వైద్యులు డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళితో చూసి, తీవ్రత తక్కువని, ఇప్పుడే మందులు అక్కర్లేదని, నెలకోసారి చూపించుకోమని చెప్పారు. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అన్నది ఆ ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న. వస్తే నాకోసం ఆగకుండా డాక్టరుకు గానీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు గానీ ఫోన్ చేయాలని ఆమెతోనూ భర్తతోనూ ముందే మాట్లాడుకున్నాం. ఈ మాట మాట్లాడటానికి చాలామంది టీచర్లు మొహమాటపడతారు. పడకూడదు.

రోజును కాగితం మీద పెట్టడం

పరీక్షలు జరుగుతున్నన్నాళ్లూ ఆమెతో ఒక పని చేయించాను. ఇరవై నాలుగు గంటలు గీసి, ఎప్పుడు వెలుతురులో ఉన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు కాఫీ తాగారు, ఎప్పుడు ఒళ్లు వాల్చారు అని గుర్తులు పెట్టడం.

ఆ కాగితంలో ఎండ లేదు. అయిదింటికి ట్యూబ్‌లైటు కింద యోగా. తర్వాత వంటిల్లు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారెక్కితే ఆఫీసు సెల్లార్‌లో దిగడం. ఆఫీసులో నల్లటి అద్దాలు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో స్క్రీన్ మీద వెలుతురు పడుతోందని కర్టెన్లు మూసేసేవారు. ఆఫీసు గదుల్లో కాంతి మామూలుగా 300 నుంచి 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. ముసురు పట్టిన పగలు కూడా బయట అది వేలల్లో ఉంటుంది. మెదడులోని గడియారం పొద్దుటి వెలుతురును చూసే రోజును మొదలుపెడుతుంది, రాత్రి నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ ఎప్పుడు విడుదల కావాలో దాన్నిబట్టే నిర్ణయమవుతుంది. ఆమె గడియారానికి ఆ కబురు అందడమే లేదు.

ఇక్కడ ఒక విషయం విడమరిచి చెప్పాలి. 'శీతాకాలం విశ్రాంతి కాలం, ముడుచుకోండి, తగ్గించండి' అనే మాట ఈమధ్య మన దగ్గరా బాగా వినిపిస్తోంది. అది పుట్టిన చోట అర్థం ఉంది. లండన్‌లో డిసెంబరు చివర పగలు 8 గంటలు కూడా ఉండదు. హైదరాబాద్‌లో అతి చిన్న పగలు కూడా 11 గంటలు దాటుతుంది. మనకు అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలే. పైగా మన ఆయుర్వేద ఋతుచర్య (ఋతువును బట్టి పాటించే నియమాలు) ప్రకారం హేమంతంలో బలం, జఠరాగ్ని (అరుగుదల శక్తి) బాగుంటాయి. రెండూ సన్నగిల్లేది వర్షఋతువులో. కాబట్టి డిసెంబరు వచ్చిందని నడక మాన్పించి పడుకోబెట్టడం ఈ ఊరికి నప్పే సలహా కాదు. ఈమెకు చీకటి ఆకాశం నుంచి రాలేదు. ముందు మూడు నెలల మబ్బు, దాని మీద కర్టెన్లు, ఆ పైన అమెరికా గడియారం.

ఆ గడియారం సంగతి టీచర్లు తెలుసుకోవాలి. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గంట వెనక్కి తిప్పుతారు. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల మీటింగు వేసవిలో మనకు సాయంత్రం 6.30కి పడితే, ఆ రోజు నుంచి 7.30కి పడుతుంది. కాలిఫోర్నియా 9 గంటలు మన 9.30 నుంచి 10.30కి జరుగుతాయి. మార్చి రెండో ఆదివారం దాకా ఇంతే. గచ్చిబౌలి, మాదాపూర్‌లలో వేలమందికి చలికాలమంటే రాత్రి ఇంకో గంట ఆలస్యంగా ముగియడం. ఆమె పని రాత్రి పదకొండు నుంచి పన్నెండుకు జరిగింది, అలారం మాత్రం 4.45 దగ్గరే ఉండిపోయింది.

సూర్య నమస్కారాలు మాన్పించాలా?

మాన్పించలేదు. రాత్రికి నాలుగు గంటల నిద్ర కూడా లేని మనిషికి ఇరవై నాలుగు సూర్య నమస్కారాలు ఎక్కువే. కానీ రోజు మొత్తంలో ఆమెకంటూ ఉన్న పని అదొక్కటి. దాన్ని తీసేస్తే నేను చెప్పేదంతా ఆమెకు శిక్షలా అనిపించే ప్రమాదం ఉంది. అందుకని ఆరుకు తగ్గించి, రెండేసి అయ్యాక బాలాసనంలో (మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి నుదురు నేలకు ఆనించి) ఆగమని, వాటిని అయిదింటి నుంచి ఏడింటికి మార్చమని, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద చేయమని అడిగాను. డిసెంబరులో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర దాటాకే. అయిదింటికి లేచి ఆమె చేస్తున్నవి సూర్యుడు లేని సూర్య నమస్కారాలు.

సాయంత్రం కపాలభాతి, భస్త్రిక పూర్తిగా ఆపేశాం. ఇవి ఉత్తేజపరిచే ప్రక్రియలు. నిద్రలేమి ఉన్న మనిషి చీకటి పడ్డాక చేస్తే అలసట కనబడకుండా పోతుంది తప్ప తగ్గదు. రాత్రి తొమ్మిదింటి కాఫీ కూడా ఆగింది. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది.

పనిచేయనివి

సాయంత్రానికి అందరికీ ఇచ్చే క్రమమే మొదట ఇచ్చాను. దిండ్లు, బెల్టులు, కుర్చీల ఆసరాతో ఆసనాలు వేయించే పద్ధతికి పుణెలో బి.కె.ఎస్. అయ్యంగార్ గారు రూపమిచ్చారు. దాన్ని అమెరికాలో జుడిత్ హాన్సన్ లాసటర్ వంటి శిష్యులు రెస్టొరేటివ్ యోగాగా విస్తరింపజేశారు. ఆ పద్ధతిలో బాగా తెలిసిన నలభై నిమిషాల వరుస: వీపు కింద బోల్‌స్టర్‌తో వెల్లకిలా పడుకుని, అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకు వాల్చే సుప్త బద్ధకోణాసనం, గోడకు కాళ్లు ఆనించి విపరీతకరణి, కళ్ల మీద గుడ్డ సంచితో దీర్ఘ శవాసనం. నిద్రలేమికి సహజంగా ఎంచుకునేది ఇదే. గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), అదుపులో లేని రక్తపోటు లేవని ముందే నిర్ధారించుకున్నాం.

సుప్త బద్ధకోణాసనంలో అయిదు నిమిషాలు కూడా గడవలేదు. ఊపిరి పైపైన ఆడటం మొదలైంది, దవడ బిగుసుకుంది. కళ్ల మీద సంచి పెట్టగానే లేచి కూర్చున్నారు. "పరిగెత్తినప్పుడు కూడా గుండె ఇలా కొట్టుకోదు మేడమ్. పడుకుంటే ఏదో అయిపోతుందనిపిస్తోంది" అన్నారు. గుండె పరీక్ష కూడా చేయించాం, లోపమేమీ లేదన్నారు. ఇంట్లో ప్రయత్నించిన రోజుల్లో రెండు నిమిషాలకే ఫోన్ చేతిలోకి వచ్చేది. ఒళ్లు నేల మీద, చూపు స్క్రీన్ మీద. అది విశ్రాంతి కాదని ఆమెకూ తెలుసు.

ఇది ఆమె మనోబలం లేకపోవడం కాదు. సడలింపు ప్రక్రియలే కొందరిలో ఆందోళన రేపుతాయని మనస్తత్వశాస్త్రంలో 1980ల నుంచీ రాసి ఉంది. ఏళ్ల తరబడి అప్రమత్తంగా ఉన్న శరీరానికి బిగువే కాపలా. ఆ కాపలా ఒక్కసారిగా తీసేస్తే వచ్చేది హాయి కాదు, భయం. ఛాతీ, పొట్ట పైకి తెరిచి, చీకట్లో, కళ్లు కప్పి, ఇంకొకరి ముందు పడుకోవడమంటే ఆమెకు ఆసరాలన్నీ ఒకేసారి తీసేసినట్టయింది. దీనికి తోడు ఒక మామూలు కారణం కూడా ఉంది. కాల్స్ మధ్యలో రాత్రి పదిన్నరకు తిని, ఆ పైన వెల్లకిలా పడుకుంటే పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట. గుండెదడ భయంలో కొంత పాలు దానిదే.

తర్వాత యోగనిద్ర (పడుకుని మాటలు వింటూ ఒళ్లు సడలించే ప్రక్రియ) ఆడియో. అది ఆమె ఫోన్‌లోనే, ఆఫీసు మెసేజులు వచ్చే ఫోన్‌లోనే ఉంది. ప్రతి టింగుమనే శబ్దానికీ భుజాలు పైకి లేచేవి. శబ్దం ఆపేసినా, ఏం మిస్సవుతున్నానో అనే ఆలోచన ఆగలేదు.

లెక్కతో నాడీశోధన (ఒక్కో ముక్కుతో మార్చి మార్చి ఊపిరి తీసే ప్రాణాయామం) కూడా నిలవలేదు. నాలుగు లెక్కలు పీల్చి ఆరు లెక్కలు వదలమంటే, వారం తిరిగేసరికి ఆరును పదికి తీసుకెళ్లారు. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం కాస్త తగ్గుతుందనేది నిజమే. కానీ ఊపిరి చాలడం లేదన్న బిగింపుతో పొడిగిస్తే ఆ ఫలితం రాదు. చేతి గడియారంలో గుండె వేగం చూసుకోవడం, నిన్నటితో పోల్చుకోవడం కూడా మొదలైంది. సాధనలో ఆమె నైపుణ్యం అడ్డొచ్చిందని ముందే అన్నాను కదా, అది ఇదే. ఏదిచ్చినా సాధించాల్సిన లక్ష్యంగా మార్చుకోగల మనిషి. లెక్కలున్నవన్నీ పక్కన పెట్టాం. సాధన వేళ గడియారం తీసి డ్రాయరులో పెట్టడం నియమమైంది.

అత్తగారి అభ్యంతరం

కాల్స్ 7.30కి జరగడంతో నవంబరు నుంచి సాయంత్రం ఒక ఖాళీ దొరికింది. సూర్యాస్తమయం 5.40 ప్రాంతంలో. ఆరు నుంచి ఏడు మధ్య సాధన, ఏడింటికల్లా భోజనం, ఆ తర్వాత కాల్స్ అని కొత్త క్రమం గీశాం. కాగితం మీద చక్కగా ఉంది. ఇంట్లో మొదటి రోజే ఆగిపోయింది.

"దీపాలు పెట్టే వేళ పడుకోవడమేంటమ్మా, ఇంటికి మంచిది కాదు" అన్నారట అత్తగారు.

దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసి, గది తలుపు వేసుకుని చేసుకోమని చెప్పే దారి ఒకటుంది. ఆ దారి నాకు తప్పనిపించింది. తలుపు అవతల పెద్దావిడ నొచ్చుకుంటున్నారని తెలిసి, ఇవతల ఈమె ఒళ్లు సడలించగలరా? పైగా ఆ ఆచారంలో పనికొచ్చే విషయం ఉంది. సంధ్యవేళ కునుకు తీస్తే రాత్రి నిద్ర చెడుతుంది. రోజంతా పోగైన నిద్రమత్తు కొంత అక్కడే ఖర్చవుతుంది. నిద్రలేమి ఉన్నవాళ్లకు సాయంత్రం పడుకోవద్దని డాక్టర్లూ చెబుతారు.

కాబట్టి పడుకోవడమే తీసేశాం. కూర్చుని, నిలబడి విశ్రాంతి తీసుకునే క్రమం తయారు చేశాం. ఈ కేసులో మలుపు ఇదే, అది అత్తగారి మాటతో వచ్చింది.

పనిచేసినది

కదలికతో మొదలు. గోడకు అరచేతులు ఆనించి నడుము నుంచి ముందుకు వాలడం. తర్వాత చేతులు, మోకాళ్ల మీద ఊపిరితో పాటు నెమ్మదిగా మార్జాలాసనం. ఒంట్లో ఉన్న ఉరుకు కొంత కదలికలోకి పోవాలి. పరుగులో ఉన్న శరీరాన్ని ఉన్నపళంగా ఆపితే మనసు ఇంకా గట్టిగా పరిగెడుతుంది. పది నిమిషాలు ఇది. ప్రతి ఆవృత్తీ కిందటి దానికంటే చిన్నగా, నిదానంగా.

ఆ తర్వాత కుర్చీ. డైనింగ్ టేబుల్ మీద బొంత మడతపెట్టి, దాని మీద చేతులు, చేతుల మీద నుదురు. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, ఆనకపోతే కింద పీట. టైల్స్ నేల చలికాలం చల్లగా ఉంటుంది కాబట్టి కాళ్లకు మేజోళ్లు, వీపు మీద శాలువా. ఒళ్లు చల్లబడితే కండరాలు వాటంతట అవే బిగుస్తాయి. ఇంతా చేసి శాలువా లేకపోతే ఫలితం సగమే. కళ్లు మూయాలన్న నియమం లేదు. లైటు వెలుగుతూనే ఉంటుంది. పొట్ట, ఛాతీ లోపలికి కప్పుకుని ఉండే ఈ భంగిమలో ఆమెకు దడ రాలేదు.

ఊపిరికి లెక్కలకు బదులు భ్రామరి ఇచ్చాను. తుమ్మెదలా సన్నగా మూలుగుతూ వదిలితే ఊపిరి దానంతటదే పొడవవుతుంది. లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు, ఎవరితోనూ పోల్చుకోవడానికీ ఉండదు. చెవులు వేళ్లతో మూయించలేదు, చుట్టూ ఏం జరుగుతోందో వినపడటం ఆమెకు అవసరం.

కార్తీకమాసం. అత్తగారు దీపం పెట్టి అదే గదిలో నామాలు చదువుకునేవారు. కోడలు టేబుల్ మీద తలవాల్చి మూలుగుతుంటే మొదట వింతగా చూశారట. కొన్నాళ్లకు ఆవిడే, "ఫోన్ నా దగ్గర పెట్టు. ఎవరైనా వస్తే నేను చూసుకుంటా, నువ్వు లేవకు" అన్నారు. ఆ వారం నుంచే తేడా స్పష్టంగా కనిపించింది. సొంత కాపలా దించాలంటే, ఆ కాపలా ఇంకెవరైనా కాస్తున్నారన్న నమ్మకం ఉండాలి. అప్పటిదాకా నేను దిండ్లతో, దుప్పట్లతో ఆసరా ఇస్తున్నాను. ఆమెకు కావాల్సిన ఆసరా మనిషి.

తల ఎత్తాలనిపిస్తే ఎత్తొచ్చు, లేవాలనిపిస్తే లేవొచ్చు అని ప్రతిసారీ గుర్తు చేసేదాన్ని. ఎప్పుడైనా బయటికి రావచ్చని తెలిసిన చోట ఎక్కువసేపు ఉండగలం. మొదట్లో రెండు నిమిషాలకే తల ఎత్తిన మనిషి, తనకే తెలియకుండా పది నిమిషాలు ఉండిపోయిన రోజులు వచ్చాయి. ఆఫీసు రోజుల్లో చిన్న మీటింగ్ గదిలో ఇదే క్రమం, మార్జాలాసనం లేకుండా.

మార్గశిరంలో నేల మీదికి దిగాం, అదీ నా దగ్గర పగటిపూట తరగతుల్లోనే. మొదట మకరాసనం: బోర్లా పడుకుని చేతుల మీద నుదురు. పొట్ట నేలను తాకుతూ ఉంటుంది కాబట్టి ఊపిరి కదలిక తెలుస్తుంది, వీపు వెడల్పు కావడం తెలుస్తుంది. ఆ తర్వాత ఎడమ పక్కకు తిరిగి, తల కింద దిండు, మోకాళ్ల మధ్య ఇంకో దిండు. ఎడమ పక్కనే ఎందుకంటే ఆ వైపు పడుకుంటే పుల్లటి తేన్పులు తగ్గుతాయి. వెల్లకిలా చివరికి మిగిల్చాం. సంక్రాంతి దాటాక, పిక్కలు కుర్చీ మీద, వీపు పైభాగం కింద మడిచిన దుప్పట్లతో ఏటవాలుగా, కళ్లు సగం తెరిచి. విపరీతకరణికి మళ్లీ వెళ్లలేదు, అవసరం రాలేదు. హఠయోగ ప్రదీపిక శవాసనాన్ని అలసట పోగొట్టి చిత్తానికి విశ్రాంతినిచ్చేదిగా చెబుతుంది. ఆ ఫలితం కుర్చీలో కూర్చుని దొరుకుతుంటే, శవాసనం రూపం కోసం పట్టుబట్టడం నాకు సరైనదనిపించలేదు.

పొద్దుటి భాగం సాఫీగా సాగింది. టెర్రస్ మీద ఏడింటికి ఆరు నమస్కారాలు, ఇరవై నిమిషాల నడక. ధనుర్మాసంలో అత్తగారు తెల్లవారకముందే లేస్తారు కదా, ఆ అలికిడికి ఈమెకూ మెలకువ వచ్చేది. లేచి పనిలో పడకుండా, ఎడమ పక్కకు తిరిగి వెలుతురు వచ్చేదాకా పడుకునే ఉండమన్నాను. నిద్రపట్టకపోయినా ఫరవాలేదు. కోడలు పడుకుని ఉంటే అత్తగారు ఏమనుకుంటారోనన్న సంకోచం అప్పటికి పోయింది.

ఎంత మేలు, దేనివల్ల

నిద్రలేమి తీవ్రతకు వాడే ఐఎస్‌ఐ ప్రశ్నావళి 28 మార్కులది. మొదట్లో ఆమె స్కోరు 15 నుంచి 21 మధ్య ఉండే మధ్యస్థ శ్రేణిలో ఉంది. మాఘం నాటికి 8 నుంచి 14 మధ్య ఉండే తక్కువ శ్రేణికి దిగింది. సంజెవేళ ఏడుపు దాదాపు ఆగింది. పీహెచ్‌క్యూ-9 కూడా తగ్గిందని ఆమె వైద్యులు చెప్పారు.

ఇదంతా కుర్చీ మీద తలవాల్చడం వల్లే అని నేను అనను. థైరాయిడ్ మోతాదు అదే కాలంలో సరయింది. ఆరు వారాల పరీక్షలో టీఎస్‌హెచ్ అదుపులోకి వచ్చింది. డి విటమిన్ వేసుకున్నారు. కాఫీ మానారు, భోజనం ముందుకు జరిగింది. డిసెంబరు చివరి వారం అమెరికా సెలవులు, కాల్స్ లేవు. ఆ వారం ఎవరికైనా బాగుంటుంది, అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. జనవరి రెండో వారంలో పని మళ్లీ పూర్తిస్థాయికి వచ్చాక కూడా నిద్ర నిలిచింది, అదే నాకు నమ్మకం కలిగించిన విషయం. మందు ఒంటిని సరిచేసింది. ఆ ఒంటిని మళ్లీ పిండేయకుండా ఆపడంలో సాధనకు వాటా ఉందని నా అభిప్రాయం.

తోటి టీచర్లకు

విశ్రాంతి ఆసనాలకూ మోతాదు ఉంటుంది, పడనివాళ్లు ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్లను ఇప్పుడు తప్పక అడుగుతున్నాను: కళ్లు మూసుకుంటే ఎలా ఉంటుంది? వెల్లకిలా పడుకుంటే ఎలా ఉంటుంది? మీరు పడుకున్నప్పుడు ఇంట్లో ఫోన్, తలుపు ఎవరు చూస్తారు? మూడో ప్రశ్నకు ఆడవాళ్లలో చాలామంది కాసేపు మాట్లాడరు. ఆ జవాబు దొరక్కుండా సుప్త బద్ధకోణాసనం ఎంత చక్కగా అమర్చినా ఉపయోగం తక్కువ.

రాత్రి పనివాళ్లకు పొద్దుటి వెలుతురు ఇవ్వకుండా సాయంత్రపు విశ్రాంతి ఒక్కటే ఇస్తే, చీకటి గదిలో గడిపే మనిషికి ఇంకాస్త చీకటి ఇచ్చినట్టే. ఈమె విషయంలో రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోమంటే టెర్రస్‌నే ఎంచుకునేదాన్ని. తెల్లవారుజామున అయిదింటి బ్యాచ్‌లు నడిపేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. అర్ధరాత్రి దాకా పనిచేసేవాళ్లు ఆ బ్యాచ్‌కి వస్తుంటే, వాళ్ల పట్టుదలను మెచ్చుకునే ముందు ఎన్నింటికి పడుకున్నారో అడగండి. అలాంటివాళ్లను ఏడింటి బ్యాచ్‌కి పంపడం మన బాధ్యత.

ఇళ్లలో పెద్దవాళ్ల అభ్యంతరాల గురించి: అన్నీ ఇంత అనుకూలంగా తేలవు. కొన్ని ఇళ్లలో కోడలు కూర్చున్నా తప్పే. అక్కడ ఆఫీసు గదో, పార్కులో బెంచీయో వెతకాలి. కానీ ముందు ఒకసారి వినడం వల్ల నష్టం లేదు.

ఆ తర్వాత

మార్చిలో కాల్స్ మళ్లీ గంట ముందుకు వచ్చాయి, సాయంత్రం ఖాళీ పోయింది. కుర్చీ విశ్రాంతిని మధ్యాహ్నం భోజనానికి ముందుకు మార్చుకున్నారు. తరగతులు ఆపేశాం. ఆషాఢంలో ముసురు పట్టగానే ఆమే ఫోన్ చేసి, టెర్రస్ తడిగా ఉంటోంది, ఏం చేయనని అడిగారు. కర్టెన్లు పూర్తిగా తీసి బాల్కనీలో నిలబడి మార్జాలాసనం గోడకు ఆనుకుని చేయమన్నాను, వాన లేనప్పుడు గొడుగు వెంట పెట్టుకుని కింద నడవమన్నాను. సూర్య నమస్కారాలు పన్నెండు దాటనివ్వడం లేదట.

తెల్లవారుజామున మూడింటి మెలకువ పూర్తిగా పోలేదు. ఒళ్లు వేడెక్కే రాత్రుళ్లు ఇంకా ఉన్నాయి, దానికి గైనకాలజిస్టు వైద్యం నడుస్తోంది. మెలకువ వచ్చినప్పుడు ఎడమ పక్కకు తిరిగి భ్రామరి చేయాలని మొదట అనుకున్నారు గానీ భర్త నిద్ర చెడుతుందని పెదవులు మూసి ఊపిరి మాత్రం అలాగే వదులుతున్నారు. కొన్ని రాత్రులు మళ్లీ నిద్రపడుతోంది, కొన్ని రాత్రులు పట్టడం లేదు. నవంబరు మొదటి ఆదివారానికి ముందే ఒకసారి వచ్చి సాయంత్రపు క్రమం మళ్లీ సరిచూసుకుంటానన్నారు. థైరాయిడ్ పరీక్ష ఆ వారంలోనే చేయించుకుని రిపోర్టుతో రమ్మన్నాను.